ఇంటికి ఎనిమిది మాత్రలు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట నేనే చెప్పక్కర్లేదు, తాడేపల్లిగూడెంలో మా వీధిలో పాలు పోసే ఆయన్నడిగినా చెబుతాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చిన్నప్పటి నుంచీ నూరిపోసింది గానీ నాకు వంటబట్టలేదు. అలాంటి నన్ను పట్టుకుని ప్రభుత్వం నర్సమ్మను చేసింది. చేసి, ఓర్పుగా మాట్లాడి జనం ఆరోగ్యం బాగుచెయ్యమని కొల్లేటి మీదికి పంపింది.

గూడెంలో స్కూటీ తీసి పెంటపాడు, గణపవరం దాటి, వరిచేలు అయిపోయి చేపల చెరువులు వచ్చి, ఆ చెరువుల గట్లు కూడా అయిపోయిన చోట నా ఊరు ఉంటుంది. నా ఊరంటే పుట్టింది కాదు, నాకు అప్పగించింది. నూటికి మూడు తక్కువ గడపలు. వానాకాలం ఆ ఊరి రోడ్డు నీళ్ళ కిందికి పోతుంది, అప్పుడు ఊరి పడవే దిక్కు. గూడెంలో మా వీధి మలుపులోనే మూడు మందుల షాపులు, ఇద్దరు డాక్టర్లు ఉన్నారు. ఇక్కడ తలనొప్పి మాత్ర కావాలంటే కిరాణా కొట్లో బట్టల సబ్బుల వెనక వెతకాలి. ఆ మాత్రకి సబ్బు వాసన కూడా ఉంటుంది.

ఈ తేడాలు తగ్గించడం ఎలాగో నేర్పడానికి మాకు ఏలూరులో రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. అందులో నాకు రెండు సంగతులు గుర్తున్నాయి. ఊరి వాళ్ళు కలిసిరాకుండా ఊరికి ఆరోగ్యం రాదన్నది ఒకటి. మధ్యాహ్నం పెట్టిన పులిహోరలో వేరుశనగ గుళ్ళు వెయ్యలేదన్నది రెండోది. మొదటిదాని కంటే రెండోదే ఎక్కువ రోజులు బాధపెట్టింది.

ట్రైనింగ్ అయిన వారానికి బడి ముందు టెంటు వేసి బీపీ క్యాంపు పెట్టాను. నేను, ఊళ్ళో ఆశా కార్యకర్తగా చేసే అమ్మాయి, ఒక బల్ల, ఒక మిషను. పదకొండింటి దాకా ఎవరూ రాలేదు. తర్వాత ఒకాయన వచ్చి, గేదెకి నాలుగు రోజుల నుంచి ఒంట్లో బాలేదు, ఒకసారి చూస్తారా అన్నాడు. నేను పశువుల డాక్టరుని కాదన్నాను. "బీపీయే కదండీ, దానికీ నాలుగు కాళ్ళున్నాయి, ఎక్కడో ఓ చోట కట్టండి" అన్నాడు.

చావిడి అరుగు మీద కూర్చున్న మగవాళ్ళ దగ్గరికి నేనే వెళ్ళాను.

"బీపీ అనేది కుర్చీల్లో కూర్చునేవాళ్ళకొస్తదండి," అన్నాడు అందులో ఒకాయన, చాలా మర్యాదగా. "మేం పొద్దస్తమానం నీళ్ళలో దిగేవాళ్ళం. నీళ్ళలో బీపీ నిలవదండి."

మిగతావాళ్ళు అవునని తలలూపారు. నేను అరిచాను. వాళ్ళు నా అరుపు అయ్యేదాకా శ్రద్ధగా విని, "మజ్జిగ తాగుతారా అండీ" అని అడిగారు.

ఆ రోజు బల్ల ముందు కూర్చుని చెయ్యి చాపిన మనిషి ఒకే ఒక్కరు, మామ్మ. ఊరి చివర పల్లంలో ఒంటరిగా ఉంటుంది. ఎండుచేపలు అమ్ముతుంది. కూతుర్ని అవతలి లంక ఊరికి ఇచ్చింది. రోగం ఉందేమోనని రాలేదు మామ్మ, నేను ఒంటరిగా కూర్చున్నానని జాలిపడి వచ్చింది. మిషను కట్టి చూశాను. రెండు వందలు దాటింది. మిషను పాడైందేమోనని ఆశా అమ్మాయికి కట్టి చూస్తే అది బాగానే ఉంది. మామ్మకి మళ్ళీ కట్టాను. అంతే వచ్చింది.

"ఎంతొచ్చిందమ్మా?"

"రెండొందలు పైన."

"మంచిదేనా?"

మా నాన్నకి కూడా అంతే ఉండేది. ఒంట్లో బాగానే ఉంది కదా అని మాత్రలు మానేశారాయన. ఒకరోజు పొద్దున్న పేపరు చదువుతుండగా కుడిచెయ్యి జారిపోయింది, ఆ తర్వాత మాట పోయింది, ఆరు నెలలకి మనిషే పోయారు. ఆ ఇంట్లోనే నేను నర్సుని. ఊరందరి చేతులకీ పట్టీ కట్టిన దాన్ని, ఆయన చేతికి కట్టలేదు. అందుకే మామ్మ విషయంలో ఇంకెక్కడా తప్పు జరగకూడదని ఆ టెంటు కిందే గట్టిగా అనుకున్నాను.

ఆ సాయంత్రం క్యాంపు గతి ఇంట్లో చెప్పుకుంటే మా ఆయన, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే" అన్నారు. ఆయనకి ఆ రాత్రి కూరలో ఉప్పు వెయ్యలేదు.

నా మాట వినని ఊరు కట్టుబాటు మాట వింటుందని చెప్పింది ఆశా అమ్మాయే. ఊళ్ళో పెద్దలు చావిడిలో కూర్చుని ఒక మాట అనుకుని మైకులో చెబితే, దాన్ని దాటేవాళ్ళు ఉండరు. ఊరికంతా కలిపి ఒక చెరువు ఉంది. అందులో చేపలు పట్టిన రోజు ఊరి పద్ధతి చూసి తీరాలి. చేపల్ని ఎన్ని గడపలుంటే అన్ని సమానమైన కుప్పలు పోస్తారు. ఒకాయన వెనక్కి తిరిగి నిలబడతాడు. ఇంకొకాయన ఒక కుప్ప మీద కర్ర పెట్టి "ఇదెవరికి?" అంటాడు. వెనక్కి తిరిగినాయన నోటికొచ్చిన ఇంటిపేరు చెబుతాడు. అలా ఎవరి కుప్పలో పెద్ద చేప పడినా తగువుండదు. చెరువులో దిగిన వాడికీ, దిగలేని ముసలమ్మకీ ఒకే వాటా. మనుషుల మీద మామూలుగా నాకంత నమ్మకం లేదు గానీ, అది చూసిన రోజు ముచ్చటేసింది.

పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. డెబ్భై దాటినాయన. కళ్ళజోడుకి దారం కట్టి మెళ్ళో వేసుకుంటారు. నేను చెప్పిందంతా విని, ముందు నాకు చూడండన్నారు. చూశాను. నూట ఇరవై మీద ఎనభై, పుస్తకంలో రాసినట్టు.

"ఎలా ఉందండీ?"

"మీకేం లేదండి, కుర్రాడిలా ఉన్నారు."

అంతే, ఆయన కట్టుబాటు చేసేశారు. పరీక్ష చేయించుకోని ఇంటికి ఈసారి చెరువులో వాటా లేదు అన్నారు. తన నూట ఇరవై మీద ఎనభై సంగతి కూడా అదే మైకులో మూడుసార్లు చెప్పారు.

మర్నాడు క్యూ చావిడి దాటి రోడ్డెక్కింది. ఏలూరులో పనిచేసే వాళ్ళు కూడా సెలవు పెట్టి బస్సెక్కి వచ్చారు. సగం మంది చేతుల్లో సంచులున్నాయి. సంచులెందుకండీ అంటే, "లైను కట్టమన్నారు కదండీ, ఏం పంచినా దేంట్లోనో పోయించుకోవాలి కదా" అన్నారు. మా డాక్టరుగారు కూడా వచ్చి ఒక్కొక్కర్నీ చూశారు. ఇరవయ్యారుగురికి బీపీ ఉందని తేలింది. నీళ్ళలో బీపీ నిలవదన్నాయన అందులో మూడోవాడు.

తర్వాతి వారానికే ఇరవయ్యారుగురికీ నెలకి సరిపడా మాత్రలు పెట్టెలో వచ్చాయి. నేను ఊళ్ళో దిగేసరికి కుండపోత వాన. రోడ్డు మీదికి నీళ్ళు వచ్చేస్తున్నాయి, ఇంకో అరగంట ఆగితే స్కూటీ అక్కడే ఈదాలి. ఆశా అమ్మాయి చూస్తే నల్లజర్లలో చెల్లెలి పెళ్ళికి వెళ్ళింది. పేర్ల లిస్టూ, పెట్టె పెద్దాయన చేతిలో పెట్టాను. పెట్టి, బుద్ధి తక్కువై ఈ మాటలన్నాను.

"అందరికీ అందాలండీ. ఎవరికీ అన్యాయం జరక్కూడదు. పంపకం సంగతి మీకు నేను చెప్పాలా?"

"ఆయ్, మీరు నిశ్చింతగా వెళ్ళండమ్మా," అన్నారాయన.

నేను పాటలు పాడుకుంటూ గూడెం వచ్చాను. ఊరి సహకారం అద్భుతంగా ఉందని రిపోర్టు కూడా రాశాను. ఆ రిపోర్టు ఇప్పటికీ ఎక్కడో ఫైల్లో ఉంటుంది. దేవుడు దాన్ని ఎవరి కంటా పడకుండా చూడాలి.

మళ్ళీ నెలకి వెళ్ళేసరికి రోడ్డు లేదు, పడవ ఉంది. పడవలో నా పక్కన కూర్చున్నాయన ఒక కోడిపుంజుని ఒళ్ళో పెట్టుకున్నాడు. అది నా భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది.

"ఏమైందండీ దీనికి?"

"కోపం తగ్గుతుందని ఓ మాత్ర వేశానండి. బాగా తగ్గింది. ఇప్పుడు పెట్టల్ని చూసినా పక్కకి తప్పుకుంటోంది."

"ఏం మాత్ర?"

"మా వాటాదేనండి."

ఆ మాటతో నా పై ప్రాణాలు పైనే పోయాయి. గట్టు దిగి ఇంటింటికీ వెళ్ళాను. జరిగింది ఇదీ. నా పెట్టెని చావిడిలో విప్పారు. మాత్రలన్నీ అట్టల్లోంచి తీసి పళ్ళెంలో పోసి లెక్కపెట్టి, తొంభై ఏడు కుప్పలు చేశారు. ఒకాయన వెనక్కి తిరిగి నిలబడ్డాడు. ఇంకొకాయన కర్ర పెట్టి "ఇదెవరికి?" అన్నాడు. ఇంటికి ఎనిమిది మాత్రలు. నేను రాసిచ్చిన లిస్టుని మాత్రం ఎంతో గౌరవంగా అద్దం బిగించి గోడకి తగిలించారు.

ఒకరింట్లో మాత్రలు దేవుడి మందిరంలో పసుపు కుంకుమల పక్కన ఉన్నాయి. ఇంకొకరింట్లో ఆపదకి పనికొస్తాయని బైబిలు పక్కన పెట్టుకుని రోజూ ప్రార్థన చేస్తున్నారు. కొత్తగా పెళ్ళయిన ఒకబ్బాయి ఏ జబ్బూ లేకపోయినా అత్తారింటికి వెళ్ళేముందు ముందుజాగ్రత్తగా ఒకటి వేసుకున్నాడట. అక్కడ కళ్ళు తిరిగి కూలబడితే, అల్లుడు పనిచేసి చేసి అలిసిపోయాడని రెండు రోజులు మంచం దిగనివ్వకుండా కొర్రమీను పులుసు పెట్టారట. ఆ అబ్బాయి నన్ను పక్కకి పిలిచి, దసరాకి మళ్ళీ వెళ్ళాలండి, ఇంకోటి ఇప్పిస్తారా అన్నాడు. వాడికి నేనిచ్చిన సమాధానం ఇక్కడ రాయను.

మామ్మ ఇంటికి పరిగెత్తాను. మామ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయి తూలింది. చేతికి పట్టీ కట్టాను. మొదటిసారి కంటే ఇంకో పది ఎక్కువుంది.

"మాత్రలు వేసుకోవడం లేదా మామ్మా?"

"అయ్యో, ఎందుకు వేసుకోనూ? ఒక్కరోజు కూడా మానలేదు," అంది మామ్మ నొచ్చుకుని. లోపలికి వెళ్ళి సత్తు గిన్నె తెచ్చింది. అందులో పిప్పరమెంటు పలుకుల్లా చిన్న చిన్న తెల్లటి ముక్కలు నాలుగైదు మిగిలున్నాయి. "నెలంతా రావాలి కదమ్మా. ఒక్కోటీ నాలుగు ముక్కలు కోశాను. రోజుకో ముక్క."

చేపలు కోసే కత్తిపీట మీద కోసింది. ముక్కలకి చేప వాసన కూడా పట్టింది. ఎనిమిది నాలుగులు ముప్ఫై రెండు, నెలకి ముప్ఫై రోజులు. మిగిలిన రెండు ముక్కల్నీ కాగితంలో చుట్టి విడిగా పెట్టింది.

"అవెందుకు?"

"మీకమ్మా. మీరెప్పుడూ అరుస్తుంటారు కదా, పనికొస్తాయని."

నాకు ఏడుపు, నవ్వు, కోపం మూడూ ఒకేసారి వచ్చాయి. అలవాటున్నది కాబట్టి కోపమే ముందు బయటికొచ్చింది. మా డాక్టరుగారికి ఫోను చేశాను. వెంటనే ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు. మామ్మని కూర్చోబెట్టి, సత్తు గిన్నె చేతిలో పట్టుకుని చావిడికి నడిచాను.

అక్కడ నేను ఏమేం అన్నానో నాకు పూర్తిగా గుర్తులేదు. ఊళ్ళో వాళ్ళకి మాత్రం గుర్తుంది, ఇప్పటికీ పెళ్ళిళ్ళలో నాలా చేసి చూపిస్తారు. పెద్దాయన అంతా విన్నారు.

"ఎవరికీ తక్కువ కాలేదమ్మా. ఇంటికి ఎనిమిది. నాలుగు మిగిలితే రాముడి వాటా కింద గుళ్ళో ఉంచాం."

"రాముడికి బీపీ ఉందాండీ?"

"ఆయన పడ్డ కష్టాలు తక్కువా అమ్మా?" అన్నారు పెద్దాయన.

ఆయన వెటకారమాడటం లేదు. "ఇరవయ్యారు ఇళ్ళకే ఇచ్చి మిగతావాళ్ళకి లేదంటే ఊరు రెండవుతుందండి. మా తాతల నాటి నుంచీ ఈ చావిడిలో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఇచ్చింది లేదు."

అందులో నిజం ఉంది. ఆ పద్ధతే చూసి నేను ముచ్చటపడ్డాను. సత్తు గిన్నె ఆయన ముందు అరుగు మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక ముక్క తీసి చూశారు. ఇదేంటన్నారు. చెప్పాను. పక్కవాళ్ళు గిన్నెలోకి తొంగి చూశారు.

అప్పటికి నా అరుపులు కూడా అయిపోయాయి. అందుకేనేమో ఒక మంచి మాట తోచింది.

"ఏవండీ, వరదొచ్చినప్పుడు ఊరి పడవ ఒక్కో ఇంటి ముందు ఎంతసేపు ఆగుతుందండీ? గడపకింతని సమానంగా పంచుతారా?"

"అదెలా కుదురుతుందమ్మా? ముందు మునిగే ఇంటికి ముందు వెళ్తాది."

"మరి మెరక మీదున్నవాళ్ళు తగువు పెట్టరా, మాకు పడవ రాలేదని?"

"వాళ్ళ ఇంట్లోకి నీళ్ళు రాలేదు కదమ్మా, ఎందుకు పెడతారు..." అంటూ ఆగిపోయారు పెద్దాయన. చేతిలో ఉన్న ముక్కని చాలాసేపు చూశారు. తర్వాత లేచి, తుండు భుజాన వేసుకుని, మైకు వైపు వెళ్ళలేదు. రేవు వైపు వెళ్ళారు. వెళ్ళి పడవని తనే దగ్గరుండి పల్లంలోకి, మామ్మ పెరటి దాకా తెప్పించారు. మామ్మ సిగ్గుతో చచ్చిపోయింది. వరద లేకుండా తన కోసం పడవ రావడం ఏంటని ముడుచుకుపోయి కూర్చుంది.

మామ్మ నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. చెయ్యీ కాలూ పడిపోలేదు, మాట పోలేదు. నాలుగో రోజు, ఇక్కడి పప్పులో ఉప్పు లేదని ఆయమ్మతో గొడవపడింది. ఆ గొడవ విన్నాక నేను వరండాలో నిలబడి ఏడ్చాను.

ఈలోగా ఊళ్ళో మైకు మోగింది. ముందు మునిగే ఇంటికి ముందు పడవ, బీపీ ఉన్నవాళ్ళకే మాత్ర, ఇది కట్టుబాటు అని. పంచినవాటిలో మిగిలిన మాత్రలన్నీ వెనక్కి తెచ్చి చావిడిలో పోశారు. కొన్నిటికి పసుపు, కొన్నిటికి సాంబ్రాణి వాసన. రాముడి నాలుగూ వచ్చాయి. కొత్త అల్లుడు మాత్రం, వేసుకున్నది పోను ఏడుండాల్సింది, ఆరే తెచ్చి, ఒకటి పోయిందన్నాడు. అవేవీ మళ్ళీ ఎవరికీ ఇవ్వకుండా పక్కన పడేయించి, కొత్తవి తెప్పించాను. ఇంటికి తిరిగొచ్చిన మామ్మకి మాత్ర ఎలా వేసుకోవాలో, అట్టలో ఎన్ని గదులు ఖాళీ అయితే ఎన్ని రోజులైనట్టో దగ్గర కూర్చుని నేర్పాను. ఉప్పుచేప ముట్టుకోవద్దని కూడా చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు నేను తింటున్నది మామ్మ వండిన మామిడికాయ ఉప్పుచేప కూర.

ఆ రోజే చావిడిలో పెద్దాయనకి ఒక సందేహం వచ్చింది. "మొన్న అమ్మగారు అంతలేసి అరిచారు కదా, ఒకసారి వారికీ కట్టండమ్మా" అన్నారు. ఆశా అమ్మాయి నా చేతికి పట్టీ బిగించింది. నూట అరవై వచ్చింది. ఊరంతా నవ్వింది. మీ వల్లే వచ్చిందని అరిచాను. సరే చూద్దామని మజ్జిగ ఇచ్చి, అరగంట ఎవరూ నన్ను పలకరించకుండా కూర్చోబెట్టి మళ్ళీ కట్టారు. నాలుగు మాత్రమే తగ్గింది. నీళ్ళలో బీపీ నిలవదన్నాయన లేచి, గోడ మీది లిస్టు అద్దం విప్పి, ఇరవయ్యేడో పేరు రాశాడు. నర్సమ్మగారు, గూడెం.

మా డాక్టరుగారు నాకు మాత్రలు రాసిచ్చారు. నేను వాటిని హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. రేపటి నుంచి మొదలుపెడదామనుకున్నాను. నాకేం, బాగానే ఉంది కదా.

ఆ వానలు వెనకబట్టే లోపు ఇంకోసారి వెళ్ళాను. గట్టు ఇవతల స్కూటీ ఆపి చూస్తే పడవ నా కోసం వస్తోంది. అందులో మామ్మ కూర్చుని ఉంది, చేతిలో స్టీలు గ్లాసు. పడవ ఒడ్డుకి చేరింది గానీ మామ్మ నన్ను ఎక్కనివ్వలేదు.

"ఇవాళ్టి మాత్ర వేసుకున్నావా?" అంది. నన్ను 'మీరు' అనడం ఆ రోజుతో మానేసింది.

"ఆఁ, వేసుకున్నా."

"ఏదీ, అట్ట చూపించు."

నేను నేర్పిన విద్యే. బ్యాగు తీశాను. అట్టలో ఒక్క గది కూడా ఖాళీ లేదు. మామ్మ అట్టని వెలుగులో పెట్టి ఒక్కో గదినీ వేలితో తడుముకుంటూ వెళ్ళింది, ఆ చివరి దాకా. ఆ తర్వాత నా వైపు చూసింది. పడవ నడిపేవాడు గెడ ఒడ్డున గుచ్చి, బీడీ తీసుకున్నాడు.

"లోపలికి నీళ్ళు వచ్చేస్తుంటే మెరక మీదున్నానంటావేంటే?" అంది మామ్మ.

ఆ గ్లాసందుకుని మాత్ర వేసుకుని నీళ్ళు తాగాను. "నోరు తెరు" అంది. ఆ ఊరందరినీ తిట్టిన నోరు తెరిచాను. మామ్మ నా గడ్డం పట్టుకుని, నాలిక కింద కూడా ఉందేమోనని వంగి చూసింది. మా నాన్నని ఇలా నోరు తెరవమని అడిగినవాళ్ళు లేరు. నేనే అడగాల్సింది, అడగలేదు. నా కళ్ళలో నీళ్ళు చూసి, మాత్ర చేదుగా ఉందనుకుంది మామ్మ. కొంగు ముడి విప్పి ఒక బెల్లం ముక్క నా నోట్లో పెట్టి, ఇక పోనియ్యమని పడవ వాడికి చెప్పింది.